చంటిబిడ్డతో విమాన ప్రయాణం ఎలా చేయాలి?

విమానంలో చంటిబిడ్డ ఊరికే ఏడవదు. చెవి నొప్పో, ఆకలో, నిద్ర చాలకో, తడిసిన డైపరో, ఏదో ఒకటి ఉంటుంది. వీటిలో చాలావాటికి ఇంటి దగ్గరే విరుగుడు సిద్ధం చేసుకోవచ్చు. అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది ఒకటే: పాలు పట్టే వేళను విమానం కిందికి దిగే వేళతో ముడిపెట్టండి. ఎందుకో వరుసగా చెబుతాను.

టికెట్ కొనేటప్పుడు

రెండేళ్లు నిండని బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకుని వెళ్లడానికి విమాన సంస్థలు సాధారణంగా ఒప్పుకుంటాయి. ఒడిలోనే కదా అని ఊరుకోకుండా బిడ్డ పేరును బుకింగ్‌లో చేర్పించాలి. విదేశానికైతే బిడ్డకూ పాస్‌పోర్టు కావాలి. తిరుగు ప్రయాణం నాటికి రెండేళ్లు నిండితే ఆ టికెట్‌కు సీటు కొనక తప్పదు.

ఖర్చు భరించగలిగితే చిన్న బిడ్డకైనా సీటు కొని, విమానంలో వాడటానికి ఆమోదం ఉన్న పిల్లల కారు సీటు బిగించడమే మేలు. విమానం ఉన్నట్టుండి కుదిపినప్పుడు ఎంత బలమైన చేతులైనా బిడ్డను పట్టి ఉంచలేవు. ఆమోదం సంగతి ఆ సీటుకు అంటించిన లేబుల్ మీద ఉంటుంది.

దూర ప్రయాణమైతే బాసినెట్ (చంటిబిడ్డను పడుకోబెట్టే చిన్న తొట్టి) అడగండి. అది అడ్డుగోడ ఎదుటి వరుసలోనే అమరుతుంది, విమానానికి కొన్నే ఉంటాయి. కాబట్టి టికెట్ కొన్న రోజే ఫోను చేసి, ఎంత బరువు వరకు ఒప్పుకుంటారో కూడా కనుక్కోండి. సీటు బెల్టు లైటు వెలిగితే చాలా సంస్థలు బిడ్డను బాసినెట్ నుంచి తీయమంటాయి, నిద్రపోతున్నా సరే.

బిడ్డ పుట్టి కొద్ది రోజులే అయినా, నెలలు నిండకుండా పుట్టినా, జలుబుతోనో చెవి పోటుతోనో ఉన్నా డాక్టర్‌ను అడగకుండా బయల్దేరవద్దు. నిద్ర కోసమని మందు పట్టే ఆలోచన మానుకోండి. మత్తు కలిగించే జలుబు మందులు కొందరు పిల్లలను నిద్రపుచ్చకపోగా మరింత చిరాకు పెడతాయి.

సంచి సర్దేటప్పుడు

ప్రయాణం ఎన్ని గంటలో అన్ని డైపర్లు, ఆలస్యమైతే పనికొచ్చేలా ఇంకో నాలుగు. బిడ్డకు రెండు జతల బట్టలు, మీకూ ఒక పైబట్ట. విమానంలో మరుగుదొడ్డి ఇరుకు, పెద్ద సంచి అందులో పట్టదు. ఒక డైపరు, కాసిన్ని వైప్స్, ఒక ప్లాస్టిక్ కవరు కలిపి చిన్న పొట్లాలుగా కట్టుకుంటే ఒక చేత్తో బిడ్డను, ఒక చేత్తో పొట్లాన్ని పట్టుకుని వెళ్లిపోవచ్చు.

భద్రతా తనిఖీలో

చేతి సంచిలో ద్రవాలు 100 మిల్లీలీటర్లు దాటకూడదన్న నియమం 2006 నుంచి అనేక దేశాల్లో ఉంది. బిడ్డ ప్రయాణానికి కావలసిన పాలకు సాధారణంగా మినహాయింపు ఇస్తారు. వాటిని విడిగా తీసి, అడగకముందే చూపించండి. స్ట్రాలర్‌ను (బిడ్డను కూర్చోబెట్టి తోసుకెళ్లే బండిని) చాలాచోట్ల విమానం గేటు దాకా తీసుకెళ్లనిస్తారు.

అసలు పని: చెవులు

విమానం పైకి వెళ్లాక లోపలి గాలి ఒత్తిడి దాదాపు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నంతే ఉంటుంది. దిగేటప్పుడు అది మళ్లీ పెరుగుతుంది. మధ్య చెవిని గొంతు వెనుక భాగంతో కలిపే సన్నని గొట్టం ఒకటుంది. పైకి వెళ్లేటప్పుడు చెవిలోని గాలి దాని గుండా తేలిగ్గానే బయటపడుతుంది. దిగేటప్పుడు గాలి లోపలికి పోవాలంటే ఆ గొట్టం తెరుచుకోవాలి, మింగితే తెరుచుకుంటుంది. పెద్దలమైతే చెవులు దిబ్బడ వేయగానే గుటక వేస్తాం, ఆవులిస్తాం. బిడ్డకు ఆ ఉపాయం తెలియదు, పైగా గొట్టం ఇంకా సన్నగా ఉంటుంది. అందుకే ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడు ఏడుపు ఎక్కువ.

చక్రాలు నేలను తాకబోతుండగా పాలు పడితే ఆలస్యమైనట్టే. దిగడం దాదాపు అరగంట ముందే మొదలవుతుంది. ఎప్పుడు మొదలవుతుందో సిబ్బందిని ముందే అడిగి పెట్టుకోండి. అంతకుముందు బిడ్డకు కడుపు నిండా పట్టకుండా కాస్త ఆకలి మిగల్చండి. దిగడం మొదలవగానే రొమ్ము గానీ సీసా గానీ అందించి, మధ్యమధ్య ఆపుతూ నేల తాకేదాకా సాగదీయండి. నిద్రపోతుంటే లేపండి. నిద్రలో గుటకలు తక్కువ. పాలు వద్దంటే పాసిఫయర్ (నోట్లో పెట్టే ఉత్త పీక), కాస్త పెద్ద పిల్లలకు స్ట్రాతో నీళ్లు.

బయల్దేరేటప్పుడు మాత్రం తలుపులు మూయగానే తొందరపడకండి. విమానం రన్‌వే మీద వేగం అందుకునేదాకా ఆగండి, లేకపోతే వరుసలో వేచి ఉండగానే పాలు అయిపోతాయి.

ఇంకొక సంగతి. నేల మీద గట్టిగా బిగించిన పాలసీసాలోని గాలి పైన వ్యాకోచిస్తుంది. మూత తీయగానే పాలు సీసా పీకలోంచి చిమ్ముతాయి. ముందు సీసాను నిలువుగా పట్టుకుని, బిగింపును కొద్దిగా వదులు చేసి గాలి పోనివ్వండి.

నడిచే పిల్లలైతే

ఎక్కేముందు టెర్మినల్‌లో అలిసేదాకా నడవనివ్వండి. నడవ పక్క సీటులో మీరు కూర్చుని బిడ్డను లోపలివైపు ఉంచండి. సిబ్బంది తిండి బండి నడవలో వెళ్లేటప్పుడు చిన్న చేతులు, కాళ్లు నలుగుతాయి. బిడ్డ ఒడిలో ఉండగా వేడి పానీయం తీసుకోవద్దు. ఆటబొమ్మలను ఒక్కసారే బయట పెట్టకండి, ఒకటి విసుగొచ్చాక మరొకటి తీయండి.

దిగాక

రద్దీ తగ్గేదాకా కూర్చుని నెమ్మదిగా దిగండి. గేటు దగ్గర అప్పగించిన స్ట్రాలర్ తలుపు దగ్గరే ఇస్తారా, సామాన్ల బెల్టు మీద వస్తుందా అని ముందే అడగండి. దిగిన కొన్ని గంటల తర్వాత కూడా బిడ్డ చెవి లాక్కుంటూ ఏడుస్తున్నా, చెవి నుంచి ద్రవం కారినా వెంటనే డాక్టర్‌కు చూపించండి.