సెలూన్ లెక్కలు, 3వ పాఠం: గల్లాలో ఎంత, చేతికి ఎంత

గత పాఠంలో రోజువారీ నోటుబుక్కు గీసుకోవడం నేర్చుకున్నాం: తేదీ, కుర్చీ నంబరు, పని, రేటు, నగదా ఫోన్‌పేనా. కనీసం ఒక నెల పేజీలు నిండాకే ఈ పాఠం మొదలుపెట్టండి. నోటుబుక్కు లేకుండా లెక్క వేస్తే ఆదివారం రద్దీయే కళ్లముందు ఉంటుంది, బుధవారం మధ్యాహ్నం ఖాళీగా ఉన్న కుర్చీ గుర్తుకు రాదు. "మంగలి షాపుల్లో బాగా మిగులుతుంది" అనే బయటివాళ్లూ, "ఏం మిగలట్లేదు" అనే షాపువాళ్లూ ఒకే చోట తప్పుతున్నారు. గల్లాలో పడిన డబ్బు వేరు, ఖర్చులు పోగా మిగిలింది వేరు, అందులో మన రెక్కల కష్టానికి రావాల్సిన కూలి వేరు.

ఉప్పల్‌లో ఒక కాలనీ రోడ్డు మీద రెండు కుర్చీల షాపు అనుకుందాం. ఒక కుర్చీలో ఓనరు, రెండో కుర్చీలో కారీగర్, అంటే తన కుర్చీ రాబడిలో సగం వాటాకు పనిచేసే పనివాడు. కటింగ్ 120, గడ్డం 70. ఈ అంకెలన్నీ లెక్క నేర్చుకోవడానికి మేం పెట్టుకున్నవి. వీటిని తీసేసి మీ నోటుబుక్కు అంకెలు వేసుకోవాలి. మాదాపూర్‌లో ఏసీ సెలూనైతే రేటూ కిరాయీ మారిపోతాయి కానీ లెక్క వేసే తీరు ఇదే.

ముందు ఒక్క కుర్చీ రాబడి చూద్దాం. మంగళవారాలు సెలవు పోతే నెలకు 26 పనిరోజులు. అందులో 4 ఆదివారాలు, 22 మామూలు రోజులు. మామూలు రోజున కుర్చీకి 7 కటింగులు, 4 గడ్డాలు పడితే 840, 280 కలిపి 1,120 రూపాయలు. ఆదివారం 16 కటింగులు, 8 గడ్డాలు పడితే 2,480. నెలకు 24,640, 9,920 కలిపి 34,560. హెడ్ మసాజ్, కలర్, ఫేషియల్ మీద కుర్చీకి ఇంకో 3,000 వేస్తే 37,560. రెండు కుర్చీలకు 75,120. ఆదివారాన్నీ మామూలు రోజునీ విడిగా లెక్కించడం ఇక్కడ ముఖ్యం. ఆదివారం కలెక్షన్‌ను 26తో గుణిస్తే కుర్చీకి 64 వేలు దాటుతుంది, ఆ డబ్బు ఏ నెలలోనూ కంటపడదు.

ఇక సామాను. నెలాఖరున "సామానుకు ఇంత అయింది" అని ఒక్క ముక్క రాస్తే ఎక్కడ వృథా అవుతోందో తెలియదు. ఒక్కో పనికి ఎంత పడుతుందో కట్టండి. గడ్డానికి సగం బ్లేడు రూపాయిన్నర, ఫోమ్ 2, ఆఫ్టర్ షేవ్ రూపాయిన్నర, టిష్యూ 1, మొత్తం 6. కటింగ్‌కు మెడ కాగితం, మెడ వెనక గీతకు సగం బ్లేడు, పౌడరు కలిపి 4. బ్లేడును మధ్యకు విరిస్తే రెండు సగాలు, ఒక్కో సగం ఒక్క మనిషికే. అక్కడ మిగిలేది రూపాయిన్నర. దానికోసం ఒకరి నెత్తురు తగిలిన బ్లేడు ఇంకొకరి చర్మానికి తగిలితే హెపటైటిస్ లాంటి జబ్బులు అంటుకునే ప్రమాదం ఉంది. పొదుపు ఎక్కడైనా చేయండి, ఇక్కడ మాత్రం వద్దు. మన షాపులో నెలకు 436 కటింగులు, 240 గడ్డాలు. సామాను ఖర్చు 1,744, 1,440, పైగా కలర్, ఫేషియల్ సరుకు 2,000. అంతా కలిపి 5,184.

మిగతా ఖర్చులు: కారీగర్ వాటా 18,780, కిరాయి 14,000, కరెంటు 1,800, టవళ్ల ఉతుకుడు, నీళ్లు 1,200, వైఫై, ఫోన్ 600. కరెంటు దగ్గర ఒక మాట. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణలో క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత విద్యుత్ పథకం మొదలైంది. మీ మీటరు అందులో ఉందో లేదో బిల్లు చూసి రాసుకోండి, ఊహించి సున్నా వేయొద్దు.

ఎక్కువమంది వదిలేసే గడులు రెండు. ఒకటి, ఏడాదికోసారి వచ్చే ఖర్చులు: ట్రేడ్ లైసెన్స్, కుర్చీ రిపేరు, కత్తెర సాన, కొత్త ట్రిమ్మర్. ఏడాదికి 18,000 అనుకుంటే నెలకు 1,500. (ట్రిమ్మర్ బ్లేడులో ఇరుక్కున్న వెంట్రుకలు రోజూ దులిపి రెండు చుక్కల నూనె వేయకపోతే అది వేడెక్కి, మొద్దుబారి, వెంట్రుకను కోయకుండా పీకుతుంది. ఈ గడి పెరగడానికి పెద్ద కారణం అదే.) రెండోది, ఫిట్టింగుల అరుగుదల. అద్దాలు, కుర్చీలు, బేసిన్‌కు 1,80,000 పెట్టి అవి ఐదేళ్లు వస్తాయనుకుంటే నెలకు 3,000.

మొత్తం ఖర్చు 46,064. రాబడిలోంచి తీసేస్తే 29,056. కానీ గల్లాలో ఇంకా 4,500 ఎక్కువే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ రెండు గడుల డబ్బు ఈ నెల ఎవరికీ కట్టలేదు. అది ఇంటికి తీసుకెళ్లేది కాదు, వేరే ఖాతాలో పడాలి. లేకపోతే కుర్చీ హైడ్రాలిక్ పోయిన రోజు వడ్డీకి తేవాల్సి వస్తుంది.

ఇప్పుడు అసలు మెట్టు. ఈ ఓనరు ఇదే పని ఇంకొకరి షాపులో సగం వాటాకు చేసి ఉంటే 18,780 వచ్చేది. కిరాయి బాధ లేదు, కరెంటు బాధ లేదు. కాబట్టి 29,056లో 18,780 అతని కూలి. షాపు నడిపినందుకు, పెట్టుబడికి, తలనొప్పులకు దక్కింది 10,276. రోజుకు 12 గంటలు షాపులో ఉంటే నెలకు 312 గంటలు, మొత్తం 29,056ను వాటితో భాగిస్తే గంటకు 93 రూపాయలు. మా దృష్టిలో బార్బర్ సంపాదన ఎంత అని అడిగితే చెప్పాల్సిన అంకె ఇదే.

కూలి తీసేశాక మైనస్ వస్తే షాపు మిమ్మల్ని పోషించడం లేదు, మీరే షాపును పోషిస్తున్నారు. అప్పుడు ముందు చూడాల్సింది రెండో కుర్చీ. కారీగర్ కుర్చీ నుంచి అతని వాటా, సగం సామాను పోగా షాపుకు వచ్చేది 16,188. అతను నెలపాటు ఊరెళ్లి, అతని గిరాకీ వేరే షాపు చూసుకుంటే ఓనరుకు మిగిలేది 12,868. మంచి పనివాడికి అడ్వాన్స్ ఇచ్చి మరీ నిలబెట్టుకునేది ఇందుకే. ఆ అడ్వాన్స్‌ను ఖర్చులో రాయకండి, "రావాల్సినవి" అని వేరే పేజీలో రాయండి. 20,000 ఇచ్చి వారానికి వెయ్యి చొప్పున పట్టుకుంటే 20 వారాల్లో తీరుతుంది. అతను మధ్యలో మానేస్తే ఆ రోజున మిగిలిన మొత్తమే ఖర్చు.

గొడవలు వచ్చేది కలర్ దగ్గర. 500 కలర్‌లో సరుకు 150. మొత్తం మీద సగమంటే కారీగర్‌కు 250, సరుకు పోగా ఓనరుకు 100. సరుకు తీసేసి సగమంటే చెరో 175. రెండూ వాడుకలో ఉన్నవే. ఏ పద్ధతో చేరిన రోజే మాట్లాడుకోవాలి. టిప్పు మాత్రం పనిచేసినవాడిదే, కలెక్షన్‌లో కలపొద్దు. ఫోన్‌పేలో పడితే ఆ సాయంత్రమే అతని చేతికి ఇవ్వండి.

ఒక్క నెల లెక్కను 12తో గుణించకండి. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు 41 రోజులు కటింగూ గడ్డమూ మానేస్తారు, మాలలు ఎక్కువుండే నవంబరు, డిసెంబరుల్లో గడ్డాల గడి పడిపోతుంది. రంజాన్ చివరి వారం టోలిచౌకి, చార్మినార్ వైపు షాపులు రాత్రి పొద్దుపోయేదాకా నడుస్తాయి. రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందుగా వస్తుంది కనుక నిరుటి అదే నెలతో పోల్చితే లెక్క తప్పుతుంది, పండగతో పండగను పోల్చాలి. జీఎస్టీ విషయానికొస్తే, అన్ని నెలలూ ఇలాగే నడిచాయనుకున్నా మన షాపు ఏడాది రాబడి 9,01,440. సేవలకు రిజిస్ట్రేషన్ పరిమితి 20 లక్షలు కనుక ఇక్కడ అవసరం లేదు. పరిమితి దాటిన సెలూన్లకు 2025 సెప్టెంబరు 22 నుంచి రేటు 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, కానీ సరుకు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు.

అభ్యాసం: మీ నోటుబుక్కులోంచి నాలుగు అంకెలు తీయండి. కుర్చీకి నెల రాబడి, నెల ఖర్చు, మీ కూలి, గంట ఆదాయం. తర్వాత మామూలు రోజుల్లో ఏ గంట నుంచి ఏ గంట దాకా కుర్చీ ఖాళీగా ఉందో పెన్సిల్‌తో గీత కొట్టండి. 4వ పాఠంలో కటింగ్ రేటు పది రూపాయలు పెంచితే ఏమవుతుందో చూస్తాం: మన షాపులో 436 కటింగుల మీద 4,360 వస్తుంది, కారీగర్ వాటా 1,090 పోగా ఓనరుకు 3,270. ఎంతమంది గిరాకీ తగ్గితే ఆ 3,270 కరిగిపోతుందో అప్పటిలోపు మీరే కట్టి చూడండి.