మూత వేస్తే ల్యాప్‌టాప్ ఆగిపోయినట్టు కాదు తమ్ముడూ

పోయిన నెల కావలి నుంచి ఒక తమ్ముడు ఇక్కడ చికాగోలో మా గదికి కొత్తగా వచ్చాడు. మూడో రోజే లైబ్రరీ నుంచి ఫోన్. "అన్నా, ల్యాప్‌టాప్ పోయింది, అసలు ఆన్ కావట్లేదు, నాన్నకి ఎట్లా చెప్పేది" అని, గొంతులో ఏడుపు. వెళ్లి అడుగున చెయ్యి పెట్టి చూశాను. బ్యాగులోంచి తీసి పావుగంటైనా ఇంకా వెచ్చగానే ఉంది. విషయం అక్కడే అర్థమైంది, ఎందుకంటే నా మొదటి సెమిస్టర్ అంతా దీంతోనే పాడైంది. చికాగో చలిలో బస్సు దిగి క్లాసుకి వెళ్లి, ఆన్‌లైన్ క్విజ్ కోసం మూత తీస్తే 4 శాతం. పొద్దున బయల్దేరినప్పుడు నిండుగా ఉంది. చార్జర్ గదిలో. ఆ క్విజ్ పోయింది, తర్వాత ఎవరో బ్యాటరీ మార్చాలన్నారని ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుని మార్పించాను, మళ్లీ అదే వరస.

తప్పు బ్యాటరీది కాదు. మూత వేస్తే ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోతుంది అంతే, ఆగదు. ఇప్పుడొచ్చే చాలా మోడళ్లలో ఆ స్లీప్ ఫోన్ స్క్రీన్ ఆపినట్టు ఉంటుంది, లోపల వైఫై, మెయిల్, అప్‌డేట్లు నడుస్తూనే ఉండొచ్చు. ఒంగోల్లో మనకిది తెలియదు, ఎందుకంటే అక్కడ అది టేబుల్ మీద ప్లగ్‌లోనే పడి ఉంటుంది, కరెంటు పోయినా ఇన్వర్టర్ ఉంటుంది. ఇక్కడ పొద్దున ఎనిమిదికి గది దాటితే రాత్రికే రావడం. గాలి ఆడని బ్యాగులో, స్వెట్టర్ పక్కన, అది వేడెక్కుతూ చార్జింగ్ మొత్తం తినేస్తుంది.

విండోస్ అయితే ఈ రోజే ఈ పని చెయ్యి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిస్తే ఎడమ పక్కన, మూత వేస్తే ఏం చేయాలో ఎంచుకునే లింకు ఉంటుంది. అందులో 'ఆన్ బ్యాటరీ' కింద స్లీప్ తీసేసి హైబర్నేట్ పెట్టు. హైబర్నేట్ అంటే తెరిచిన పనంతా డిస్క్‌లో రాసుకుని కరెంటు వాడకం ఆపేస్తుంది. తెరిచినప్పుడు కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, పట్టనీ. మూత వేసి పవర్ లైటు ఆరేదాకా ఆగి బ్యాగులో పెట్టు. ఇది చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది, అయినా మళ్లీ చెప్తున్నాను, లైటు ఆరాలి.

చార్జర్ సంగతి. మన దగ్గర 230 వోల్టులు, ఇక్కడ 120. ఆ తేడా చూసి భయపడి వోల్టేజ్ కన్వర్టర్ కొనొద్దు, దండగ. చార్జర్ వైరు మధ్యలో ఇటుకలా ఉండే డబ్బా మీద సన్న అక్షరాల్లో ఇన్‌పుట్ 100-240 అని ఉంటే అది ఇక్కడా పనిచేస్తుంది, గోడ నుంచి ఇటుక దాకా వచ్చే వైరు ఒక్కటి ఇక్కడి పిన్నుది కొనుక్కుంటే చాలు. అమ్మ పంపే మిక్సీకి మాత్రం ఇది వర్తించదు, దాని మీద 230 ఒక్కటే ఉంటుంది.

బ్యాటరీ మీద నిజంగా అనుమానముంటే షాపుకి పరిగెత్తే ముందు కమాండ్ ప్రాంప్ట్, అంటే ఆదేశాలు టైపు చేసే నల్ల విండో, తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఒక స్పేస్, ఒక స్లాష్, దాన్ని ఆనుకుని బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లీషులో కొట్టు. ఒక ఫైలు వస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టే చార్జ్) 50,000 ఉండి ఫుల్ చార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) 40,000 ఉంటే అరుగుదల 20 శాతం. మన ఎండల్లో పరుపు మీద పెట్టి వాడిన ల్యాప్‌టాప్‌కి అంత అరుగుదల మామూలే, వేడికి ఈ బ్యాటరీలు తొందరగా ముసలివవుతాయి. చలికి ఇంకో తిప్పలు, బయట గడ్డకట్టే చలిలో చార్జింగ్ గబగబా పడిపోయినట్టు కనిపిస్తుంది. లోపలికొచ్చాక గది వేడికి సర్దుకోనిచ్చి అప్పుడు చార్జింగ్ పెట్టు. చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగిపోతుంటే అది కూడా రోగం కాదు, బ్యాటరీ కాపాడే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో కంపెనీ యాప్‌లో చూడు. లోపల బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేస్తే మాత్రం వాడకం ఆపి వెంటనే చూపించు, నొక్కొద్దు, గుచ్చొద్దు.

ఇంతకీ మన తమ్ముడి ల్యాప్‌టాప్‌కి ఏమీ కాలేదు. చార్జర్ తీసి పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టుకుని, మళ్లీ చార్జర్ పెట్టి గమ్మున కూర్చున్నాం. ఇరవై నిమిషాలకి లేచింది. నీదీ చాలావరకు అంతే అయ్యుంటుంది. ముందు ఆ అరగంట ఓపిక పట్టు, అప్పటికీ లేవకపోతే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, వస్తాను.