ఎమ్మెస్‌కి వచ్చారు కదా, ఫీజులో ఇవి కూడా ఉన్నాయి

అమెరికాలో ఫాల్ సెమిస్టర్ ఆగస్టు చివర్లో మొదలవుతుంది. అప్పటికి మీ బుర్ర నిండా ఇంటి లీజు, సిమ్ కార్డు, బ్యాంకు అకౌంట్, రూమ్‌మేట్లతో వంట వంతులే ఉంటాయి. చదువు సంగతి తర్వాత చూద్దాంలే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. అక్టోబర్లో అల్గారిథమ్స్ మిడ్‌టర్మ్‌లో 100కి 41 వచ్చాక గానీ దిగిరాలేదు. ఆఫీస్ అవర్స్, రైటింగ్ సెంటర్, లైబ్రరీ లాంటి సాయమంతా మనం కట్టే ఫీజులోనే ఉందని అప్పుడే తెలిసొచ్చింది.

ఇంజినీరింగ్‌లో మనకి సింహభాగం మార్కులు ఎక్స్‌టర్నల్‌వే. వారం ముందు ఆల్ ఇన్ వన్ తిరగేస్తే గట్టెక్కేవాళ్ళం. ఇక్కడ ఆ పప్పులుడకవు. హోంవర్కులు, క్విజ్‌లు, మిడ్‌టర్మ్, ప్రాజెక్టు అంటూ మార్కులు సెమిస్టర్ పొడుగునా చల్లి ఉంటాయి. మొదటి వారం ఇచ్చే సిలబస్ కాగితంలో దేనికి ఎంత శాతమో, ఆలస్యమైతే ఎంత కోతో అన్నీ రాసి ఉంటాయి. ఆ తేదీలన్నీ అదే రోజు ఫోన్ క్యాలెండర్లో ఎక్కించండి.

చాలా యూనివర్సిటీల్లో గ్రాడ్యుయేట్ విద్యార్థికి జీపీఏ 3.0 తగ్గకూడదు. సెమిస్టర్‌కి మూడు కోర్సులు తీసుకుని రెండిట్లో బీ, ఒకదాంట్లో సీ వచ్చిందనుకోండి, బీకి 3, సీకి 2 లెక్కన సగటు 2.67. అంటే ప్రొబేషన్, జీపీఏ పెంచుకోమని ఇచ్చే హెచ్చరిక. మన దగ్గర సీ అంటే పాసే కదా అనే ధీమా ఇక్కడ పనికిరాదు.

ఇక ఆఫీస్ అవర్స్, అంటే విద్యార్థుల సందేహాల కోసం ప్రొఫెసర్ తన గదిలో కూర్చునే సమయం. మనవాళ్ళు ఎక్కువగా వదిలేసేది ఇదే. సార్ గదికి వెళ్ళడమంటే మనకి ఏదో తప్పు చేసినట్టే లెక్క. ఆ 41 తర్వాత నేను ప్రొఫెసర్ గది బయట పది నిమిషాలు అటూ ఇటూ తిరిగి, తలుపు దగ్గరే నిలబడి, "డిస్టర్బ్ చేస్తున్నందుకు సారీ" అన్నాను. ఆయన కుర్చీ చూపించి, "ఈ గంట మీకోసమే పెట్టుకున్నాను, ఇప్పటిదాకా ఎవరూ రాలేదు" అన్నారు. వెళ్ళేటప్పుడు "ఏమీ అర్థం కాలేదు" అని మాత్రం వెళ్ళకండి. మీరు ఎంతవరకు చేశారో, ఎక్కడ ఆగారో కాగితం మీద చూపించండి. నేను రికరెన్స్ ఈక్వేషన్ రాసిన కాగితం చూపిస్తే, ఆయన రెండో లైన్ దగ్గరే పెన్ను పెట్టి తప్పు చూపించారు. నేనేమో ఏడో లైన్ దగ్గర గంటలు గంటలు కొట్టుకుంటున్నాను! ప్రొఫెసర్ అంటే బెరుకైతే ముందు టీఏ (టీచింగ్ అసిస్టెంట్) దగ్గరికి వెళ్ళండి. హోంవర్కులు దిద్దేది చాలాసార్లు వాళ్ళే.

రాసిన రిపోర్టులు మెరుగుపరచుకోవడానికి సాయపడే రైటింగ్ సెంటర్ అంటే ఇంగ్లీషు రానివాళ్ళకి అనుకునేవాణ్ణి. అమెరికన్ విద్యార్థులూ వస్తారు. ఎనిమిది పేజీల రిపోర్టు పట్టుకెళ్ళి, ఎర్ర పెన్నుతో దిద్ది ఇస్తారని కూర్చున్నాను. అక్కడి ట్యూటర్ ఒకావిడ ఒక పేరా చూపించి, "ఇందులో ఏం చెప్పాలనుకున్నావు?" అని అడిగింది. నోటితో చెప్పాను. "అయితే అదే రాయి" అంది. వ్యాకరణం దిద్దిపెట్టడం వాళ్ళ పని కాదు, కానీ ఆ అరగంట నాకు బాగా పనికొచ్చింది. డెడ్‌లైన్ వారంలో స్లాట్లు దొరకవు, ముందే బుక్ చేసుకోండి.

లైబ్రరీలో పుస్తకం లేకపోతే ఇంటర్‌లైబ్రరీ లోన్ కింద వేరే యూనివర్సిటీ నుంచి తెప్పిస్తారు. కోర్సు టెక్స్ట్‌బుక్కులు చాలావాటిని రిజర్వ్‌లో పెట్టి కొన్ని గంటలకి ఇస్తారు. కోఠిలో కొని మోసుకొచ్చిన ఇండియన్ ఎడిషన్ చదువుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, వెనక ఉండే లెక్కల నంబర్లు కొన్నిసార్లు మారతాయి. నేను ఒక హోంవర్క్ మొత్తం వేరే లెక్కలు చేసి ఇచ్చాను. రిఫరెన్సులు దాచుకుని రిపోర్టులో చేర్చడానికి జొటెరో అనే సాఫ్ట్‌వేర్ దించుకోండి, అది ఉచితం.

సీనియర్ల డ్రైవ్‌లో పాత అసైన్‌మెంట్లు దొరుకుతాయి. చాలా ఆప్యాయంగా ఇస్తారు కూడా. వాటి జోలికి పోకండి. ప్రోగ్రాముల పోలికలు పట్టే మాస్ అనే సాఫ్ట్‌వేర్ 1994 నుంచీ ఉంది. వేరియబుల్ పేర్లు మార్చినా, కామెంట్లు తీసేసినా అది పసిగడుతుంది. ఇచ్చినవాళ్ళనీ, తీసుకున్నవాళ్ళనీ ఇద్దర్నీ విచారణకి పిలుస్తారు.

కోర్సు బరువైతే టెన్షన్‌లో ఆన్‌లైన్‌లో డ్రాప్ బటన్ నొక్కేయకండి. చాలాచోట్ల ఫుల్ టైమ్ అంటే 9 క్రెడిట్లు. ముందుగా అనుమతి లేకుండా దానికన్నా తగ్గితే ఎఫ్-1 స్టేటస్‌కే, అంటే స్టూడెంట్ వీసా మీద ఇక్కడ ఉండే హక్కుకే ఎసరు. మొదట ఇంటర్నేషనల్ ఆఫీసులో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి డీఎస్‌ఓని కలవండి. ఇక్కడి బోధన పద్ధతి కొత్తగా ఉండటం, స్థాయికి మించిన కోర్సులో పడటం లాంటి కారణాలకి లోడ్ తగ్గించే అవకాశం నిబంధనల్లోనే ఉంది. కనీసం సగం లోడ్ ఉంచాలి, చదువు కారణంతో ఆ వెసులుబాటు ఒక డిగ్రీ స్థాయిలో ఒక్కసారే.

అన్నట్టు, విద్యార్థుల రికార్డుల గోప్యతని కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం వల్ల మీ అనుమతి లేకుండా మీ మార్కులు ఇంట్లోవాళ్ళకి చెప్పరు. నాన్నగారు ఆఫీసుకి ఫోన్ చేసినా అంతే. ఆ 41 సంగతి మా ఇంట్లో ఇప్పటికీ తెలియదు.