అనంతపురం మెట్టచేలల్లో పారామోటార్: పొద్దున గంటన్నరలో ఎగిరి దిగడం ఎలా

మనిషిని మోస్తూ ఎగిరే ఇంజిన్ యంత్రాల్లో పారామోటార్ కంటే చిన్నది, చవకైనది దొరకదు. వీపుకు తగిలించుకునే పాతిక కిలోల ఇంజిన్, ఐదారు కిలోల గుడ్డ రెక్క. రెండూ కారులో పడతాయి. హ్యాంగర్ వద్దు, రన్‌వే వద్దు, గంటకు మూడున్నర నుంచి నాలుగు లీటర్ల పెట్రోలు చాలు. వేరుశనగ పీకేసిన చేలు చూస్తే అనంతపురంలో రోజంతా ఎగరొచ్చనిపిస్తుంది. నేలకైతే కొదవ లేదు. గాలి మాత్రం మనకు రోజుకు గంటన్నరే వదులుతుంది.

ముందు అనుమతుల మాట. అమెరికాలో 1982 నుంచి పార్ట్ 103 అనే నిబంధన ఉంది. ఒకే సీటు, 115 కిలోల లోపు ఖాళీ బరువు ఉన్న అల్ట్రాలైట్‌కు అక్కడ లైసెన్సు అడగరు. ఆ వీడియోలు చూసి ఇక్కడా అంతేననుకోవద్దు. మన దగ్గర మైక్రోలైట్ అనే తేలికపాటి చిన్న విమానానికి డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్, పైలట్‌కు లైసెన్సు కావాలి. ఇంజిన్ ఉన్న హ్యాంగ్ గ్లైడర్లకు వేరే నిబంధనలున్నాయి. మీ యంత్రం ఏ కోవలోకి వస్తుందో కొనకముందే శిక్షకుడి దగ్గర రాతపూర్వకంగా తేల్చుకోండి. డ్రోన్లు ఎగరేయొచ్చని మ్యాప్‌లో పచ్చగా చూపే చోటు మనిషి ఎగరడానికి అనుమతి కాదు. ఓర్వకల్లు, కడప, పుట్టపర్తి విమానాశ్రయాల చుట్టుపక్కలకు వెళ్లనే వద్దు.

ఇక గాలి. తెల్లవారుజామున చేలో ఆకు కదలదు. దాన్ని నమ్మితే మోసపోతారు. రాత్రంతా నేల చల్లబడి దాని మీద చల్లగాలి పొరగా పరుచుకుంటుంది. పైగాలి ఆ పొర మీద జారుకుంటూ, వంద మీటర్ల ఎత్తులో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతుండొచ్చు. జూన్ నుంచి ఆగస్టు దాకా, నైరుతి గాలులప్పుడు, ఇది మరీ ఎక్కువ. దీన్ని కొలిచే పరికరం మన కొండల మీదే ఉంది: రామగిరి వైపు గాలిమరలు. అవి సుమారు గంటకు 11–14 కిలోమీటర్ల గాలికి కరెంటు తీయడం మొదలుపెట్టి, 40–47 దగ్గర పూర్తి సామర్థ్యానికి చేరతాయి. మీ రెక్క మామూలు వేగం 36–40 కిలోమీటర్లే. మరలు జోరుగా తిరుగుతుంటే ఎదురుగాలిలో మీరు ముందుకు పోరు, ఉన్నచోటే వేలాడతారు, లేదంటే వెనక్కే పోతారు. నిదానంగా దొర్లుతుంటేనో, ఆగి ఉంటేనో బయల్దేరొచ్చు. ఒక్క మరను చూసి తేల్చకండి, అది మరమ్మతులో ఉండొచ్చు. వరుస మొత్తం చూడండి. తిరుగుతున్న మర ముఖం ఎటుంటే గాలి అటు నుంచి వస్తున్నట్టు. వాటి దగ్గరికి మాత్రం వెళ్లకండి. మర రెక్కలు తిరిగే మేర దాటాక కూడా గాలి చాలా దూరం కలతబారి ఉంటుంది. 80 మీటర్ల వ్యాసమున్న మరకు గాలి పోయే వైపున కనీసం కిలోమీటరున్నర వదలండి.

సంక్రాంతి రోజుల్లో పొద్దు ఆరూముప్పావుకు, మే చివర్లో ఆరుకు కాస్త ముందు పొడుస్తుంది. వెలుతురు రాగానే లేచి, ఎండాకాలంలో ఏడున్నరకల్లా, చలికాలంలో ఎనిమిదిన్నరకల్లా దిగిపోవాలి. ఆ తర్వాత నల్ల బండలు, దున్నిన ఎర్రనేల వేడెక్కి గాలిని ఎగదోస్తాయి. మార్చి నుంచి మే దాకా సుడిగాలులు లేస్తాయి. మట్టి ఎత్తుకున్న సుడి కంటికి కనిపిస్తుంది, దుమ్ములేని చేలో లేచేది కనిపించదు. రెక్కలో ఒక వైపు ముడుచుకుపోయేది దానికే. సాయంత్రం ఎగరొచ్చు కదా అంటే, అనంతపురం గుట్టలు పొద్దుగుంకాక కూడా వేడి వదులుతుంటాయి. కొత్తవాళ్లకు సాయంత్రం వద్దు.

వేడికి ఇంకో దెబ్బ ఉంది, లెక్క వేస్తే తెలుస్తుంది. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 1,100 అడుగులు. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 12.8 డిగ్రీలు. దాన్ని మించిన ప్రతి డిగ్రీకి 120 అడుగులు కలపండి. జనవరి పొద్దున 18 డిగ్రీలుంటే గాలి 1,700 అడుగుల మీద ఉన్నంత పలచన. మే మధ్యాహ్నం 40 డిగ్రీలకు అది 4,300 దాటుతుంది. ఇంజిన్ బలం పదో వంతుకు పైగా తగ్గుతుంది, లేవడానికి పరుగు సముద్రమట్టం మీద కంటే సుమారు 7 శాతం వేగంగా కావాలి. తీరంలో 70 కిలోల మనిషిని సులువుగా లేపిన ఇంజిన్ ఇక్కడ మూలుగుతుంది. అందుకే కొనేటప్పుడు మీ బరువు, ఇంజిన్, పెట్రోలు, రెక్క అన్నీ కూడి, రెక్క మీద రాసిన బరువు పరిధిలో పడుతుందో లేదో చూసుకోండి. 70 కిలోల మనిషికి ఆ మొత్తం 110 దాకా వస్తుంది.

చేను ఎంచుకునేటప్పుడు గాలికి ఎదురుగా 200 మీటర్ల ఖాళీ చూడండి. ప్రతి బోరుకూ కరెంటు ఉన్న సీమ ఇది, తీగ కంటికి ఆనదు. తీగను వెతకొద్దు, స్తంభాన్నీ ట్రాన్స్‌ఫార్మర్‌నూ వెతకండి. రెండు స్తంభాల మధ్య తీగ ఉన్నట్టే లెక్క. కంది మోళ్లు రెక్క లైన్లను, అంటే రెక్కను మీకు కలిపే సన్నని తాళ్లను, పట్టి కోస్తాయి, పల్లేరు కాయలు గుడ్డను తూట్లు పొడుస్తాయి. పెద్ద పట్ట ఒకటి పరిచి రెక్కను దాని మీద వేయండి. కర్నూలు, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో ఎండాకాలం నెర్రెలుంటాయి. పరుగులో కాలు అందులో దిగితే చీలమండ పోతుంది. అక్కడ బండిబాటో, బీడో మేలు.

పెట్రోలు సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిసినదే, ఈ చిన్న టూస్ట్రోక్ ఇంజిన్లలో చాలావాటికి తయారీదారు ఒప్పుకునేది అంతకంటే తక్కువ. ఇథనాల్ ఎక్కువైతే గాలి, పెట్రోలు మిశ్రమం పలచబడి ఇంజిన్ వేడెక్కుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. కార్బురేటర్‌లోని రబ్బరు పొర పాడవుతుంది. పరీక్ష సులువే. గీతలున్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి బాగా కుదిపి పది నిమిషాలు ఆగండి. కింద నీటి పొర 10 గీత దాటి పెరిగితే, ఆ పెరిగిందంతా ఇథనాలే. కొనేముందు ఇంజిన్ పుస్తకంలో పరిమితి చూడండి. పెట్రోలులో కలిపే ఆయిల్ కూడా అందులో రాసినంతే: 2 శాతమంటే పది లీటర్లకు 200 మిల్లీలీటర్లు, 2.5 అంటే 250. ముందు లీటరు పెట్రోలులో ఆయిల్ కలిపి కుదిపి, మిగతాది తర్వాత పోయండి. ఎగిరాక ప్లగ్ తీసి చూస్తే కాఫీ రంగులో ఉండాలి. తెల్లగా ఉంటే ఇంజిన్ పలచని మిశ్రమంతో కాలుతోందని. ఆ రోజుకు ఆపేయండి.

శిక్షకుడి దగ్గర ఇంజిన్ లేకుండా రెక్కను నేల మీదే పది పదిహేను గంటలు ఆడించాకే కింది వరుస పనికొస్తుంది.

రెక్కను అర్ధచంద్రంలా పరవండి, రెండు చివరలూ మీ వైపు రావాలి. అప్పుడు మధ్య లైన్లు ముందు బిగిసి, రెక్క గుడ్డలోని నడిమి గదుల్లో గాలి మొదట నిండుతుంది. ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ పనిచేస్తోందో లేదో చూసుకుని, యంత్రం వీపున కట్టుకున్నాకే ఇంజిన్ స్టార్ట్ చేయండి. నేల మీద పెట్టి, థ్రాటిల్ చిక్కుకుని ఉండగా తాడు లాగితే ప్రొపెల్లర్ చేతిని తీసుకుపోతుంది. ఈ ఆటలో తీవ్రమైన గాయాలు ఎక్కువగా ఇలాగే అవుతాయి. రెండు మూడు నిమిషాలు వేడెక్కనిచ్చి, లైన్లు బిగిసే దాకా ముందుకు జరిగి, రొమ్ముతో తోసినట్టు పరుగెత్తండి. ముందు రైజర్లను (లైన్లు వచ్చి కలిసే పట్టీలను) లాగొద్దు, పైకి పోనివ్వండి. రెక్క సగం లేచేదాకా థ్రాటిల్ జోలికి వెళ్లకండి, ప్రొపెల్లర్ గాలి లైన్ల మీద పడితే రెక్క వెనక్కి పోతుంది. తల మీదికి వచ్చాక పైకి చూసి, సరిగ్గా ఉంటే నిండు థ్రాటిల్, నిటారుగా పరుగు. అందరూ చేసే తప్పు ఒకటే: కాళ్లు తేలగానే కూర్చోవడం. రెక్క ఇంకా బరువు ఎత్తుకోలేదు, మీరు కూలబడతారు, ప్రొపెల్లర్ నేలకు తగులుతుంది. గాలిలోనూ రెండడుగులు పరుగెత్తండి.

పైకెళ్లాక నిండు థ్రాటిల్‌లో బ్రేకులు (రెక్క వెనక అంచును కిందికి లాగే చేతి తాళ్లు) లోతుగా లాగకండి; రెక్క వేగం చచ్చి పడిపోతుంది. చెరువులు, జలాశయాల మీద తక్కువ ఎత్తులో తిరగొద్దు. పట్టీల్లో ఇరుక్కుని ఇంజిన్ బరువుతో మునిగితే ఈత వచ్చినా లాభం లేదు. ఇంజిన్ ఏ క్షణమైనా ఆగుతుందనుకుని, దిగే చేను ఎప్పుడూ కంటి ముందు ఉంచుకోండి. ఎనిమిది లీటర్లు పోసి రెండు గంటలు ఎగరొద్దు. యాభై నిమిషాలు చాలు.

దిగేటప్పుడు గాలికి ఎదురుగా తిరిగి, ముప్పై మీటర్ల ఎత్తులో ఇంజిన్ ఆపేయండి. నేల మనిషి ఎత్తు దూరంలోకి వచ్చాక రెండు బ్రేకులూ ఒకేసారి నిండా లాగండి. రెక్కను నీడలోకి తెచ్చి, పల్లేరు కాయలు ఏరి, వదులుగా మడవండి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదలకండి, వేడికి గుడ్డ పాడవుతుంది. ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలు అయిపోయేదాకా ఇంజిన్ నడిపి ఆపండి. కలిపిన పెట్రోలు రెండు వారాలు దాటితే పారామోటార్‌లో పోయకండి.