బీపాల్ఎం ఆరు నెలలు: ఇంట్లో మందులు వేయించేవాళ్లకు

మా తమ్ముడికి ఎండీఆర్ టీబీ (మామూలు టీబీ మందులకు లొంగని రకం) అని తేలినప్పటి నుంచి మందులు వేయించే బాధ్యత నాదే. తిరుపతిలో డాక్టరు రాసింది బీపాల్ఎం. అంటే బెడాక్విలిన్, ప్రిటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్. ఒకప్పుడు 18, 20 నెలలు వాడాల్సిన చోట ఇది 6 నెలలే, సూదులు లేవు. గర్భిణులకు, 14 ఏళ్లలోపు పిల్లలకు వేరే కోర్సు ఇస్తారు.

తికమకంతా బెడాక్విలిన్ దగ్గరే. మొదటి 2 వారాలు రోజూ 400 మిల్లీగ్రాములు, తర్వాత 200 చొప్పున వారానికి 3 రోజులే. మిగతా మూడు మందులూ రోజూ ఉంటాయి. దేవస్థానం క్యాలెండర్లో సోమ, బుధ, శుక్రవారాలకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. మాత్రలు మీ కళ్లముందు మింగాకే టిక్కు పెట్టండి.

ఖాళీ కడుపుతో వేయొద్దు. బెడాక్విలిన్, ప్రిటోమానిడ్ తిండితోనే ఒంటికి బాగా పడతాయి. మా ఇంట్లో శనివారం ఒక్కపొద్దు ఉంటాం, వాణ్ణి మాత్రం ఉండనివ్వలేదు. కోర్సు అయ్యాక ఉన్నా స్వామి కాదనడు. పొద్దున్నే సంగటి, గుడ్డు పెట్టి మాత్రలు ఇచ్చేదాన్ని. గ్యాస్ మందు, ఐరన్, కాల్షియం మాత్రలు మాక్సితో కలిపి ఇవ్వకండి, అది వేసి 4 గంటలు దాటాలి. జలుబు మాత్రలు కూడా డాక్టరును అడక్కుండా కొనొద్దు, లినెజోలిడ్‌తో బీపీ పెరగొచ్చు. సారా, బీరు లాంటి మద్యం పూర్తిగా మానాలి.

ఎక్కువ కనిపెట్టాల్సింది లినెజోలిడ్‌నే. పాదాలు తిమ్మిరెక్కుతాయి, మంటలు పుడతాయి. కాలి నుంచి చెప్పు జారినా తెలియలేదంటే వెంటనే చెప్పండి. వారానికోసారి ఒక కన్ను మూసి క్యాలెండర్లో చిన్న అక్షరాలు చదివించండి, తర్వాత రెండో కన్ను. మసక అనిపించినా, రంగులు వెలిసినట్టు కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం కూడా తగ్గొచ్చు. డోసు తగ్గించాలా, కొన్నాళ్లు ఆపాలా అన్నది డాక్టరు చూసుకుంటారు. భయపడి మీరే ఆపేస్తే మిగిలిన క్రిములు ఈ మందులకూ లొంగకుండా పోతాయి.

ఈసీజీ, రక్తపరీక్షలు పిలిచినప్పుడల్లా చేయించండి. గుండె దడతో కళ్లు తిరిగి పడిపోతే 108కి ఫోన్ చేయండి. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా ఆలస్యం చేయొద్దు.

పోషణకు నెలకు 1000 రూపాయల లెక్కన ప్రభుత్వ నిక్షయ్ పథకం ద్వారా ఖాతాలో పడతాయి. పడకపోతే టీబీ యూనిట్‌లో అడగండి, మొహమాటపడొద్దు. కోర్సు అయ్యాక కూడా 2 ఏళ్ల దాకా, 6 నెలలకోసారి కఫం పరీక్షకు తీసుకెళ్లాలి.