ఏజెంట్లకు టూల్ రాద్దాం – 3వ భాగం: బ్లాగుల జాబితా టూల్‌కి వివరణ

గత భాగంలో గూగుల్ వాళ్ల బ్లాగుల సర్వీసు బ్లాగర్‌తో ప్రోగ్రాములు మాట్లాడే దారి, అంటే బ్లాగర్ ఏపీఐ మూడో వెర్షన్‌ని పిలిచి, లాగిన్ అయిన మనిషి బ్లాగులన్నీ తెచ్చే ఫంక్షన్ రాశాం. ఈసారి కోడ్ జోలికి పోం. ఏజెంటు పిలిచి వాడుకునే ఆ ఫంక్షనే మన టూల్. దానికి వివరణ రాస్తాం. చివర్లో ఐదు నిమిషాల్లో అయిపోయే పని అని చాలామంది దీన్ని పక్కన పెడతారు. నా దృష్టిలో అసలు పని ఇదే, ఎందుకంటే ఏజెంటు, అంటే మన తరఫున పనులు చేసే ఏఐ ప్రోగ్రాం, మీ కోడ్ చదవదు. ఏజెంట్లకు టూల్స్ అందించడానికి 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన ఎంసీపీ (మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్) పద్ధతిలో, సర్వర్ తన టూల్స్ గురించి ముఖ్యంగా చెప్పేవి మూడు: పేరు, వివరణ, ఏ ఇన్‌పుట్ ఇవ్వాలో తెలిపే జేసన్ స్కీమా. ఏ టూల్ ఎప్పుడు వాడాలో మోడల్ వాటిని చూసే తేల్చుకుంటుంది.

పేరు సంగతి తొందరగా ముగిద్దాం. ‘లిస్ట్_బ్లాగ్స్’ చాలు. దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్, హైఫన్ తప్ప మరేదీ చాలా క్లయింట్లు ఒప్పుకోవు.

ఇక వివరణ. ‘యూజర్ బ్లాగుల జాబితా ఇస్తుంది’ అని రాసి వదిలేస్తే ఏమవుతుందో చూద్దాం. బొబ్బిలిలో వీణలు చేసే ఇంటి అమ్మాయి ఒకరు ఉన్నారనుకోండి. ఆమెకి ‘బొబ్బిలి వీణ’, ‘బొబ్బిలి కోట కథలు’ అని రెండు బ్లాగులున్నాయి. స్నేహితురాలు నడిపే ‘పొందూరు ఖాదీ’లో రచయితగా కూడా ఉన్నారు. ఆమె ఏజెంటుతో ‘బొబ్బిలి బ్లాగులో ఈ పోస్టు పెట్టు’ అన్నారు. జాబితా వచ్చింది, బొబ్బిలి పేరుతో రెండున్నాయి. ఏం చెయ్యాలో మన వివరణలో లేదు కాబట్టి ఏజెంటు మొదటిది ఎంచుకోవచ్చు. అప్పుడు 1757 నాటి యుద్ధం గురించి రాసిన వ్యాసం వీణల బ్లాగులో పడుతుంది.

అందుకే వివరణ ఇలా రాయండి:

‘లాగిన్ అయిన వ్యక్తికి అడ్మిన్‌గా గానీ రచయితగా గానీ హక్కున్న బ్లాగర్ బ్లాగుల జాబితా ఇస్తుంది. ప్రతి బ్లాగుకీ ఐడీ, పేరు, యూఆర్‌ఎల్ వస్తాయి. పోస్టులు చదవాలన్నా రాయాలన్నా బ్లాగు ఐడీ కావాలి. అది తెలియనప్పుడు ముందు దీన్ని పిలవాలి. పోస్టుల్లోని మాటలు వెతకడానికి ఇది పనికిరాదు. యూజర్ చెప్పిన పేరుకి ఒకటికంటే ఎక్కువ బ్లాగులు సరిపోతే, వాటిని చూపించి ఏది కావాలో అడగాలి. ఐడీని స్ట్రింగ్‌గానే పంపాలి.’

మొదటి వాక్యంలో ‘రచయితగా’ అన్న మాట తీసెయ్యకండి. పాత్ర ఏదీ అడగకపోతే బ్లాగర్ అడ్మిన్, రచయిత రెండు రకాల బ్లాగులూ ఇస్తుంది. అది చెప్పకపోతే పొందూరు బ్లాగు కూడా ఈ అమ్మాయిదే అని ఏజెంటు అనుకుంటుంది.

చివరి వాక్యం కూడా అంతే ముఖ్యం. స్ట్రింగ్ అంటే ఐడీని నంబరుగా కాకుండా అక్షరాల వరుసగా ఉంచడం. బ్లాగర్ ఐడీ 19 అంకెల దాకా ఉంటుంది. జావాస్క్రిప్ట్ నంబరు 9007199254740991 వరకే, అంటే 16 అంకెల దాకా, తేడా రాకుండా నిలుస్తుంది. అది దాటితే చివరి అంకెలు మారిపోవచ్చు. చూడ్డానికి సరిగ్గానే ఉన్న ఐడీకి ‘బ్లాగు దొరకలేదు’ అని జవాబొస్తే టెన్షన్ ఎవరికైనా తప్పదు. పోస్టు పెట్టే టూల్ స్కీమాలో కూడా ఐడీ రకం స్ట్రింగ్ అనే ఉండాలి.

ఇప్పుడు ఖాళీ జాబితా సంగతి. బ్లాగులు నిజంగా లేకపోతే ఖాళీ జాబితా సరైన జవాబే. లాగిన్ గడువు తీరితే మాత్రం అది ఎర్రర్. రెండింటికీ ఖాళీ జాబితానే పంపితే, ఏళ్ల తరబడి రాస్తున్న మనిషికి ఏజెంటు ‘మీకు బ్లాగులేవీ లేవు’ అని చెప్పేస్తుంది. రాసుకున్నదంతా పోయిందేమో అని ఆ మనిషి ఎంత కంగారుపడతారో ఆలోచించండి. ఎంసీపీ జవాబులో ‘ఈజ్‌ఎర్రర్’ అనే గుర్తు ఉంది. దాన్ని ట్రూ చేసి, పక్కన ‘లాగిన్ గడువు తీరింది, బ్లాగులు ఉన్నాయో లేవో తెలియలేదు, యూజర్‌ని మళ్లీ లాగిన్ అవమని అడుగు’ అని రాయండి. ఎర్రర్ సందేశాన్ని కూడా ఏజెంటు చదువుతుంది, కాబట్టి అదీ వివరణలో భాగమే.

ఇది చదివే టూల్ అని తెలపడానికి ‘రీడ్‌ఓన్లీహింట్’ కూడా ట్రూ పెట్టండి. అది సూచన మాత్రమే, కాపలా కాదు. ఈ ఒక్క టూల్‌కైతే లాగిన్ దగ్గర చదివే అనుమతి మాత్రమే అడగడం అసలైన జాగ్రత్త.

అభ్యాసం: మూడు బ్లాగులున్న టెస్ట్ ఖాతా ఒకటి చేసుకుని, రెండింటి పేర్లలో ఒకే ఊరు వచ్చేలా పెట్టండి. ప్రశ్నలు మీరు రాయకండి. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఈ కోడ్ చూడని ఇద్దరిని కూర్చోబెట్టి, వాళ్లకి ఎలా వస్తే అలా అడగమనండి. ‘నాకేటి బ్లాగులున్నాయో సూపించు’ అంటే టూల్ పిలిచిందా? ‘మొన్న కోట గురించి ఏటి రాశాను?’ అంటే జాబితాతో ఆగిపోకుండా పోస్టులు చదివే టూల్ దాకా వెళ్లిందా? తప్పు జరిగిన చోట కోడ్ మార్చకుండా వివరణలో ఒక్క వాక్యం మార్చి, కొత్త సెషన్‌లో మళ్లీ అడగండి. పాత వాక్యం, కొత్త వాక్యం రెండూ దాచుకోండి. పోస్టు పెట్టే టూల్‌కి వివరణ రాసే 4వ భాగంలో వాటితో పని ఉంది.