ఆఫీసును ఒప్పించడం, 3వ పాఠం: రెండో మనిషి, వెనక్కి వచ్చే దారి

కొత్తగా వచ్చినవాళ్ల కోసం మన ఉదాహరణ మరోసారి చెప్తాను. విశాఖపట్నంలో, మధురవాడ ఐటీ సెజ్ కొండ మీద నలభై మంది పనిచేసే కంపెనీ ఒకటి ఉందనుకున్నాం. పోర్టులోకి లారీలు పంపే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులకి అది సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. ఏ లారీ గేటు దాటింది, ఏది క్యూలో ఉంది, ఏది కాగితాల దగ్గర ఆగింది అని చూపించే స్టేటస్ పేజీ ఆ సాఫ్ట్‌వేర్‌కి గుండెకాయ. అది జావాలో, స్ప్రింగ్ బూట్ అనే ఫ్రేమ్‌వర్క్ (సాఫ్ట్‌వేర్ కట్టుకోవడానికి ముందే తయారుగా ఉండే చట్రం) మీద నడుస్తోంది. పొద్దున్న 2,000 స్క్రీన్లు తెరిచి ఉండి, ఒక్కొక్కటీ 10 సెకన్లకోసారి "ఏమైనా మారిందా?" అని అడుగుతుంటే సర్వర్ మీద సెకనుకి 200 రిక్వెస్టులు పడతాయి. వాటిలో ఎక్కువ భాగానికి వెళ్లే జవాబు "ఏమీ మారలేదు" అనే. ఆ ఒక్క పేజీకి ఫీనిక్స్ అనే ఇంకో ఫ్రేమ్‌వర్క్ వాడదామన్నది మీ ప్రతిపాదన. స్క్రీన్లు అడగక్కర్లేదు, ఏదైనా మారినప్పుడు సర్వరే వాటికి కబురు పంపుతుంది. ఇబ్బందిని అంకెల్లో రాయడం మొదటి పాఠం. చిన్న నమూనా కట్టడం రెండో పాఠం. ఇప్పుడు మీటింగ్‌కి వెళ్లాలి. అసలు పనంతా మీటింగ్‌కి ముందే ఉంటుంది కాబట్టి ఈ పాఠం ఎక్కువగా దాని గురించే.

మీటింగ్‌లో మీ నమూనా చూసి అందరూ బాగుందంటారు. తర్వాత డెలివరీ మేనేజర్‌గారు అడిగే మొదటి ప్రశ్న ఇదీ:

"అంతా బాగానే ఉంది బాబూ. రేపు నువ్వు హైదరాబాద్ వెళ్లిపోతే దీన్నెవరు చూస్తారు?"

విశాఖలో ఏ ఆఫీసులోనైనా ఈ ప్రశ్న వస్తుంది. రావాలి కూడా. మూడు నాలుగేళ్ల అనుభవం రాగానే హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్లిపోవడం మన దగ్గర మామూలే. ఆయన ఫీనిక్స్‌ని కాదనడం లేదు. రాత్రి పదకొండింటికి క్లయింట్ ఫోన్ చేస్తే ఎత్తాల్సింది ఆయనే. ఆ టైమ్‌కి ఎవరికి ఫోన్ చేయాలో తెలియకపోతే ఎలా అన్నది ఆయన భయం. దానికి మీరు వేగం గ్రాఫులు చూపిస్తే అడిగినదానికి జవాబు చెప్పనట్టే. తక్కువ మంది వాడే ఫ్రేమ్‌వర్క్‌కి ఆఫీసును ఒప్పించాలంటే, అది ఎంత గొప్పదో చెప్పడం కన్నా ముందు, అది కుదరకపోతే ఏం చేస్తామో చూపించాలి. ఈ ధారావాహికలో నేను గట్టిగా నమ్మి చెప్పే మాట ఏదైనా ఉంటే అది ఇదే.

చాలామంది ఇక్కడ వాట్సాప్ పేరు తీస్తారు. ఫీనిక్స్ ఎలిక్సిర్ భాషలో ఉంది, ఎలిక్సిర్ ఎర్లాంగ్ అనే పాత భాష ఏర్పాటు మీదే నడుస్తుంది, వాట్సాప్ సర్వర్లు ఎర్లాంగ్‌లో రాశారు. 2014లో ఫేస్‌బుక్ కొన్నప్పుడు వాట్సాప్‌కి నెలకి 45 కోట్ల మంది వాడుకదారులు, 32 మంది ఇంజనీర్లు. ఇది నిజమే, చెప్పుకోదగ్గదే. కానీ మేనేజర్‌గారికి అందులో వినిపించేది ఆ 32 మంది ఎంత గట్టివాళ్లో అన్నది. అలాంటి వాళ్లు మన కొండ మీదికి ఎందుకొస్తారని ఆయన లోపల అనుకుంటారు. ఎవరైనా అడిగితే చెప్పండి, మీ అంతట మీరు మొదలెట్టకండి.

మరి ఏం చేయాలి? ముందు రెండో మనిషిని, అంటే మీరు లేనప్పుడు దీన్ని చూసుకోగలవాళ్లని, తయారుచేయాలి. మీటింగ్‌లో అడగక ముందే.

మీ టీమ్‌లో జావా బాగా వచ్చి, ఎలిక్సిర్ అసలు తెలియని ఒకరిని ఎంచుకోండి. మీ ప్రాణస్నేహితుడు వద్దు, మొహమాటానికి మీ మాట కాదనలేడు. కాస్త అనుమానంగా చూసేవాళ్లయితే ఇంకా మంచిది. వాళ్లకి పాఠాలు చెప్పడం కాదు, పని ఇవ్వండి. స్టేటస్ పేజీలో "కాగితాల దగ్గర ఆగినవి మాత్రమే చూపించు" అనే ఫిల్టర్ పెట్టాలి, టెస్టు రాయాలి, స్టేజింగ్ సర్వర్‌కి (క్లయింట్లకి ఇచ్చేముందు పరీక్షించుకునే సర్వర్) తనే డిప్లాయ్ చేయాలి, అంటే ఎక్కించి నడపాలి. మీరు పక్కన ఉండొచ్చు, కీబోర్డు మాత్రం ముట్టుకోకూడదు. ఎన్ని గంటలు పట్టింది, ఎక్కడ ఆగిపోయారు, ఏం వెతికారు అన్నీ తేదీతో సహా రాయించండి. జావా నుంచి వచ్చినవాళ్లు ఆగే చోట్లు సాధారణంగా ఒకటే తీరుగా ఉంటాయి. ఒకసారి ఇచ్చిన విలువ తర్వాత మారదు అన్నది ఒంటబట్టడానికి టైమ్ పడుతుంది. ఫర్ లూప్‌లో బయటి వేరియబుల్‌ని మార్చబోయి, అది మారకపోతే తెల్లమొహం వేస్తారు. ప్యాటర్న్ మ్యాచింగ్, అంటే డేటా ఏ ఆకారంలో ఉందో చూసి దాన్నిబట్టి కోడ్ దారి ఎంచుకోవడం, మొదటిరోజు వింతగా ఉంటుంది. ఒకసారి అలవాటయ్యాక అదే ఎక్కువ వాడతారు.

ఆ గంటల లెక్కే మీ అసలు ఆధారం. "నేర్చుకోవడం తేలికే సార్" అన్న మాటకి విలువ లేదు. "ఫలానా మేడమ్‌గారికి అంతకుముందు ఒక్క లైను కూడా తెలియదు, ఇన్ని గంటల్లో ఈ ఫిల్టర్ డిప్లాయ్ చేశారు, ఇదిగో రాసుకున్న కాగితం" అంటే విలువ ఉంది. ఆ మేడమ్‌గారే మీటింగ్‌లో కూర్చుని "మొదటి రెండు రోజులు కష్టమైంది సార్, తర్వాత పర్లేదు" అంటే, మీరు గంట మాట్లాడినా రాని నమ్మకం వస్తుంది. కష్టమైంది అన్న మాట తీసేయమని మాత్రం ఆవిడని అడగకండి.

హెచ్‌ఆర్ నుంచి వచ్చే ప్రశ్న కూడా దీనికి తోబుట్టువే: "నౌకరీ సైట్‌లో వెతికితే విశాఖలో ఎలిక్సిర్ వచ్చినవాళ్లు ఎంతమంది దొరుకుతారు?" చాలా తక్కువని ఒప్పేసుకోండి. తర్వాత ఇంకో ప్రశ్న వేయండి. మన దగ్గర కొత్తగా చేరేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల నుంచి నేరుగా వచ్చే ఫ్రెషర్లు. స్ప్రింగ్ బూట్ మీద అయినా వాళ్లు సొంతంగా పని చేయడానికి ఎన్నాళ్లు పడుతోంది? ఆ లెక్క మీ ఆఫీసులోనే ఉంటుంది. పోయిన ఏడాది చేరినవాళ్లు మొదటి టికెట్ (వాళ్లకి అప్పగించిన పని) ఎప్పుడు పూర్తిచేసి మూశారో చూస్తే చాలు. ఏ ఫ్రేమ్‌వర్క్ అయినా మనమే నేర్పుకోవాల్సి వస్తోందని ఆ లెక్క చూపిస్తే మీ వాదన నిలబడుతుంది. చూపించకపోతే, అంటే మీ ఆఫీసు అనుభవం ఉన్నవాళ్లనే తీసుకుంటుంటే, హెచ్‌ఆర్ చెప్పేదే సబబు. అప్పుడు ప్రతిపాదన వాయిదా వేసుకోవడం మంచిది.

ఇక వెనక్కి వచ్చే దారి. నా దృష్టిలో పాఠానికి ఇదే కీలకం, అందుకే కాస్త లోతుగా వెళ్దాం.

తాటిచెట్టును చుట్టుకుని రావి పెరగడం మన పల్లెల్లో చూస్తూనే ఉంటాం. పాత చెట్టు నిలబడి ఉండగానే కొత్తది దాని చుట్టూ పెరుగుతుంది. పాత సాఫ్ట్‌వేర్‌ని కొంచెం కొంచెంగా మార్చే పద్ధతికి మార్టిన్ ఫౌలర్ 2004లో ఇలాంటి చెట్ల పేరే పెట్టారు. మన పని మాత్రం అందులో మొదటి అడుగు దగ్గరే ఆగుతుంది: పాత పేజీని తీసేయకుండా కొత్త పేజీ పక్కన నిలబెట్టడం.

అన్నిటికన్నా ముందు ఎన్జిన్‌ఎక్స్ ఉంటుంది. వచ్చిన రిక్వెస్టుని ఏ అప్లికేషన్‌కి పంపాలో చూసే వెబ్ సర్వర్ అది. స్టేటస్ పేజీ అడ్రసుకి ఒక లొకేషన్ బ్లాక్ రాసి దాన్ని ఫీనిక్స్‌కి పంపుతాం, దాని డీఫాల్ట్ నెట్‌వర్క్ పోర్టు నంబరు 4000. ఫీనిక్స్‌లో పేజీని లైవ్‌గా మార్చే భాగం పేరు లైవ్‌వ్యూ. అది వాడే వెబ్‌సాకెట్ (బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య తెరిచే ఉండే కనెక్షన్) అడ్రసుకి ఇంకో బ్లాక్. అక్కడ అప్‌గ్రేడ్, కనెక్షన్ హెడర్లు పంపడం మరిచిపోతే పేజీ కనిపిస్తుంది కానీ లైవ్‌గా మారదు. డెమో రోజు టెన్షన్ పెట్టేది ఇదే కాబట్టి ముందే చూసుకోండి. మిగతా అన్ని అడ్రసులూ పాత జావాకే వెళ్తాయి.

డేటాబేస్ దగ్గర ఒక కట్టుబాటు పెట్టుకోవాలి: కొత్త అప్లికేషన్ చదువుతుంది, రాయదు. ఇది మాట వరసకి కాదు. మన డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో సెలెక్ట్ అనుమతి, అంటే చదివే అనుమతి, మాత్రమే ఉన్న యూజర్‌ని సృష్టించి ఫీనిక్స్‌కి అదే ఇవ్వండి. టేబుళ్లలో మార్పులన్నీ ఎప్పటిలాగే జావా వైపు నుంచే జరుగుతాయి. లారీ స్థితి మారినప్పుడు ఫీనిక్స్‌కి ఎలా తెలుస్తుంది? పోస్ట్‌గ్రెస్‌లోనే కబురు పంపే నోటిఫై అనే ఆదేశం ఉంది. టేబుల్ మీద ట్రిగర్ (మార్పు జరగగానే తనంతట తనే నడిచే కోడ్) పెడితే, టేబుల్‌లో ఏ లారీ వివరం మారినా వెంటనే కబురు పంపుతుంది. ఫీనిక్స్ అది విని, ఆ లారీని చూస్తున్న స్క్రీన్లకి మాత్రమే చేరవేస్తుంది. ఆ కబురులో మొత్తం వివరాలు కుక్కకండి, 8,000 బైట్ల లోపే ఉండాలి. లారీ నంబరు ఒక్కటి పంపితే చాలు.

ఇలా కడితే వెనక్కి రావడం అంటే ఆ రెండు లొకేషన్ బ్లాకులు తీసేసి ఎన్జిన్‌ఎక్స్‌ని రీలోడ్ చేయడమే. డేటా ఎటూ కదలలేదు, కాబట్టి తిరిగి తేవాల్సిందీ లేదు. ఒక చిక్కు మాత్రం ఉంది. రీలోడ్ చేసినా అప్పటికే తెరిచి ఉన్న వెబ్‌సాకెట్ కనెక్షన్లు ఫీనిక్స్‌నే పట్టుకుని ఉంటాయి. ఫీనిక్స్‌ని ఆపాలి, స్క్రీన్ ముందున్నవాళ్లు పేజీ రిఫ్రెష్ చేయాల్సి రావచ్చు. ఇది కూడా కాగితం మీద రాయండి. రాసి వదిలేయకుండా స్టేజింగ్‌లో చేసి చూడండి. చేసేది మీరు కాదు, జావా టీమ్‌లో ఎలిక్సిర్ రానివాళ్లు ఎవరైనా. మీరు ఆ రోజు సెలవులో ఉంటే ఇంకా మంచిది. హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 అక్టోబరు 12 తర్వాత రోజుల తరబడి ఊళ్లో కరెంటూ ఫోన్లూ లేకపోవడం ఎండీగారి వయసువాళ్లు మరిచిపోలేదు. ఒక్క మనిషి ఫోన్ ఎత్తితేనే నడిచే ఏర్పాటంటే వాళ్లకి ఎందుకు గుబులో అర్థం చేసుకోవాలి.

ఇప్పుడు ఒక పేజీ నోటు రాయాలి. ఒక్క పేజీయే. దాని మధ్యభాగం ఎలా ఉండాలో ఒక నమూనా ఇస్తున్నాను:

"మార్చేది స్టేటస్ పేజీ ఒక్కటే. లాగిన్, బిల్లింగ్, రిపోర్టులు జావాలోనే ఉంటాయి. గడువు 90 రోజులు. సర్వర్ లోడ్ ఈ అంకె కన్నా తగ్గకపోయినా, వారానికి ఇన్ని కన్నా ఎక్కువ ఫిర్యాదులు వచ్చినా, రెండో మనిషి ఒంటరిగా ఒక బగ్ సరిచేయలేకపోయినా పాత పేజీకి వెళ్లిపోతాం. వెళ్లడానికి పట్టే టైమ్ స్టేజింగ్‌లో కొలిచాం, చేసినవారి సంతకం కింద ఉంది. తెలిసిన లోపాలు: పేమెంట్ గేట్‌వేల రెడీమేడ్ లైబ్రరీలు జావాకి ఉన్నట్టు ఎలిక్సిర్‌కి దొరక్కపోవచ్చు, ఈ పేజీకి అవి అక్కర్లేదు. లైవ్‌వ్యూలో దాదాపు ప్రతి క్లిక్కూ సర్వర్‌కి వెళ్లి రావాలి, సిగ్నల్ బలహీనంగా ఉంటే ఆలస్యం తెలుస్తుంది."

ఆ చివరి లోపాన్ని ఆఫీసు వైఫై మీద పరీక్షించి ప్రయోజనం లేదు. ఫోన్ పట్టుకుని కాన్వెంట్ జంక్షన్ నుంచి షీలానగర్ రోడ్డు దాకా వెళ్లి చూడండి. మీ వాడుకదారులు ఉండేది అక్కడే. సిగ్నల్ పోయి వచ్చాక పేజీ తనంతట తనే మళ్లీ కనెక్ట్ అవుతుందా, ఎన్ని సెకన్లు పడుతోంది అని రాసుకోండి.

మీటింగ్‌లో టీమ్ లీడ్ అడిగే ప్రశ్న ఇంకోటి ఉంటుంది: "ఇది జావాలో చేయలేమా?" చేయగలం. వెబ్‌సాకెట్లు స్ప్రింగ్‌లోనూ ఉన్నాయి. తేడా ఎన్ని విడిభాగాలు నడపాలన్న దగ్గరుంది. సర్వర్లు ఒకటికి రెండైతే ఒకదానికొచ్చిన కబురు రెండోదానికి చేరాలి. చాలా ఏర్పాట్లలో దానికి మధ్యలో కబుర్లు చేరవేసే ఇంకో సాఫ్ట్‌వేర్, రెడిస్ లాంటిదో, మెసేజ్ బ్రోకరో పెట్టుకోవాలి. ఫీనిక్స్‌లో సర్వర్లను ఒకదానితో ఒకటి కలిపితే ఆ పని పబ్‌సబ్ అనే భాగం చేస్తుంది, అది దాంతోనే వస్తుంది. ఇంత చెప్పి ఆగండి. ఆయన రాసిన కోడ్‌ని తక్కువ చేసే మాట ఒక్కటి దొర్లినా మిగతాదంతా వృథా. ఆయన "మన దగ్గర రెడిస్ ఎలాగూ ఉంది కదా" అంటే మీ వాదన బలం తగ్గినట్టే. తగ్గిందని ఒప్పుకోండి.

"పదేళ్ల తర్వాత ఉంటుందా ఇది?" అంటే తేదీలు చెప్పండి. ఎర్లాంగ్ 1986లో ఎరిక్సన్‌లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల పనిలో పుట్టింది, 1998లో ఓపెన్ సోర్స్ అయింది. జోసె వాలిమ్ చేసిన ఎలిక్సిర్ 1.0 వచ్చింది 2014లో, క్రిస్ మెకార్డ్ చేసిన ఫీనిక్స్ 1.0 వచ్చింది 2015లో. పక్కన ఇంకో చరిత్ర పెట్టండి: గూగుల్ అండ, అంత ఆదరణ ఉన్న ఆంగ్యులర్‌జెఎస్ అనే వెబ్ పేజీల ఫ్రేమ్‌వర్క్ 2010లో వచ్చింది. 2016లో వచ్చిన ఆంగ్యులర్ 2 దానికి పొసగలేదు, 2021 చివరితో పాతదానికి సపోర్టు ముగిసింది. ఎక్కువమంది వాడడం ఒక రక్షణే, కానీ అదొక్కటే సరిపోదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

డెమో గురించి కొంచెమే. వేగం చూపించకండి, పడిపోవడం చూపించండి. నమూనాలో "ఈ పేజీని పడగొట్టు" అని ఒక బటన్ పెట్టి, నొక్కగానే కావాలని ఎర్రర్ వచ్చేలా రాయండి. నాలుగు ఫోన్లలో పేజీ తెరిచి ఒకటి మేనేజర్‌గారి చేతికిచ్చి ఆయన్నే నొక్కమనండి. లైవ్‌వ్యూలో తెరిచిన ప్రతి పేజీకీ సర్వర్‌లో ఒక విడి ప్రాసెస్ ఉంటుంది కాబట్టి ఆయన పేజీ ఒక్కటే పడి, మళ్లీ లేస్తుంది. మిగతా మూడూ కదలవు. పేజీ లేచాక ఆయన ఎంచుకున్న ఫిల్టర్ పోయిందంటే దాన్ని మీరు పేజీ అడ్రసులో (యూఆర్ఎల్) దాచలేదన్నమాట. ముందురోజే సరిచేసుకోండి.

వచ్చే పాఠానికి ముందు చేయాల్సిన పని: రెండో మనిషి గంటల లెక్క, మీరు లేకుండా ఒకసారి జరిగిన వెనక్కి వెళ్లే రిహార్సల్, ఒక పేజీ నోటు. ఆ నోటుని ముందు మీ ప్రతిపాదన అంటే గిట్టని ఒకరికి చదవనివ్వండి. వాళ్లు పెన్నుతో గీత గీసిన చోట్లు మీటింగ్‌కి వెళ్లేలోపు తిరగరాయండి. 4వ పాఠంలో, 90 రోజులకి సరేనన్నారనుకుని, మొదటి వారంలో లాగ్‌లు ఎవరు చూడాలి, రాత్రి ఫోన్ ఎవరి దగ్గర ఉండాలి అన్న ఏర్పాట్లు చూద్దాం.